కారణాంకాలతో వర్గ సమీకరణాల సాధన: తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలు, కొన్ని పిల్లల నుంచి, కొన్ని వాళ్ల అమ్మానాన్నల నుంచి. జవాబులు ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తాయని ఇలా కూర్చున్నాను.

ముందు ఒక మాట. పుస్తకాల్లో ఎక్స్ అని ఉండేచోట నేను ఇక్కడ 'య' అని రాస్తున్నాను. ఇది నా సొంత పైత్యం కాదు. మన పాత బీజగణితంలో తెలియని రాశిని 'యావత్తావత్' అనేవారు, 'ఎంతైతే అంత' అని అర్థం. పొట్టిగా 'యా' అని రాసుకునేవారు. రెండో తెలియని రాశి వస్తే దాన్ని కాలకం అనీ, మూడోది వస్తే నీలకం అనీ రంగుల పేర్లు పెట్టేవారు. మనకు ఇక్కడ ఒక్కటే తెలియనిది కాబట్టి 'య' చాలు. గుణకారం గుర్తుతో తికమక పడే బాధ కూడా తప్పుతుంది.

వర్గ సమీకరణం అంటే ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

తెలియని రాశి వర్గం ఉండి, అంతకు మించిన ఘాతం లేని సమీకరణం. ఉదాహరణకు 6య² − య − 15 = 0. ఇందులో మొదటి గుణకం 6, మధ్య గుణకం −1, స్థిర పదం −15. గుణకం చెప్పేటప్పుడు గుర్తుతో సహా చెప్పాలి. 'మధ్య గుణకం ఎంత?' అని అడిగితే 'ఒకటి' అనేసి, తర్వాత మైనస్ ఎక్కడికి పోయిందా అని వెతికేవాళ్లు చాలామంది. య స్థానంలో ఏ విలువ పెడితే ఎడమ పక్క మొత్తం సున్నా అవుతుందో ఆ విలువను మూలం అంటాం. అలాంటివి రెండుకు మించి ఉండవు.

అన్నిటినీ ఒక పక్కకు తెచ్చి రెండో పక్క సున్నా ఎందుకు పెట్టాలి? అలా పెట్టకపోతే ఏమవుతుంది?

ఈ పాఠం మొత్తంలో అసలు ప్రశ్న ఇదే. ఇది అడిగిన పిల్లలు బాగుపడతారు. అడగనివాళ్లు మాత్రం అంకెలు అటూ ఇటూ జరుపుతూనే ఉంటారు.

కిందటేడు ఒక అమ్మాయి నోట్సులో చూశాను. లెక్క ఇది: (య − 2)(య − 3) = 12. ఆ అమ్మాయి ధీమాగా ఇలా రాసింది: య − 2 = 12, అందువల్ల య = 14. య − 3 = 12, అందువల్ల య = 15. ఏ అడుగులోనూ తడబాటు లేదు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. 'సరే, 14 పెట్టి చూడు' అన్నాను. 12 × 11 = 132 వచ్చింది. మొహం చిన్నబోయింది.

తప్పు ఎక్కడుంది? రెండు సంఖ్యల్ని గుణిస్తే 12 వచ్చిందంటే వాటి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. అవి 3, 4 కావచ్చు. 2, 6 కావచ్చు. −1, −12 కావచ్చు. 24, సగం కూడా కావచ్చు. వాటిలో ఒకటి తప్పకుండా 12 అవ్వాలని ఎవరూ చెప్పలేదు. అదే రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే? అప్పుడు ఇంకో దారి లేదు, వాటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలి. ఈ గుణం సున్నాకు తప్ప మరే సంఖ్యకూ లేదు. సమీకరణాన్ని బ్రాకెట్ల లబ్ధంగా విడదీసే కారణాంక పద్ధతి మొత్తం దీని మీదే నిలబడింది.

కాబట్టి పై లెక్కలో ముందు బ్రాకెట్లు విప్పేయాలి, 12ను ఇటు తీసుకొచ్చి మళ్లీ కట్టాలి. య² − 5య + 6 = 12. ఆ 12ను ఇటు తెస్తే య² − 5య − 6 = 0. దీన్ని (య − 6)(య + 1) = 0 అని విడదీయొచ్చు. మూలాలు 6, −1. 6 పెట్టి చూస్తే 4 × 3 = 12. −1 పెడితే (−3) × (−4) = 12. రెండూ సరిపోయాయి. కట్టి ఇచ్చిన బ్రాకెట్లను మళ్లీ విప్పడానికి పిల్లలకు మనసొప్పదు. కానీ అవి మన పనికొచ్చే బ్రాకెట్లు కావు.

ఆ రెండు సంఖ్యలు మీకు వెంటనే ఎలా తడతాయి? నాకు పది నిమిషాలు పడుతోంది.

తట్టడం అనేది ఏమీ లేదు. వరసగా రాయడం ఉంది. ఇందాకటి 6య² − య − 15 = 0 తీసుకుందాం.

మొదటి గుణకాన్నీ స్థిర పదాన్నీ గుణించాలి: 6 × (−15) = −90. ఇప్పుడు లబ్ధం −90, మొత్తం −1 అయ్యే రెండు సంఖ్యలు కావాలి. గుర్తు సంగతి తర్వాత చూద్దాం, ముందు 90ని జతలుగా రాయండి:

1 × 90, 2 × 45, 3 × 30, 5 × 18, 6 × 15, 9 × 10.

అంతే, ఆరు జతలు. ఇక ఏడోది లేదు. లబ్ధం ఋణం కాబట్టి జతలో ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అంటే మొత్తం అడిగినా మనం చూడాల్సింది తేడా. తేడాలు వరసగా 89, 43, 27, 13, 9, 1. మనకు కావాల్సింది 1, కాబట్టి 9, 10 జత. మొత్తం −1 రావాలి కాబట్టి పెద్దదానికి మైనస్: −10, 9.

ఆ తేడాల వరసను ఇంకోసారి చూడండి. ఎక్కడా పెరగకుండా తగ్గుతూ వచ్చింది. జతలోని రెండు సంఖ్యలూ దగ్గరయ్యే కొద్దీ తేడా తగ్గుతుంది, మొత్తం కూడా తగ్గుతుంది. పది నిమిషాలు పట్టేవాళ్లకు ఇదే మందు. మధ్య గుణకం చిన్నదై లబ్ధం ఋణమైతే 1 × 90 దగ్గర మొదలుపెట్టడం దండగ. 90 వర్గమూలం దాదాపు తొమ్మిదిన్నర కదా, అక్కడి నుంచి, అంటే 9 × 10 నుంచి వెనక్కి రండి. మధ్య గుణకం పెద్దదైతే 1 వైపు నుంచి రండి. రావాల్సిన అంకెను దాటిపోయారంటే ఇక ముందుకు వెతకనక్కర్లేదు, ఆ జత లేదన్నమాట.

ఇప్పుడు మధ్య పదాన్ని విడదీస్తే:

6య² − 10య + 9య − 15 = 0
2య(3య − 5) + 3(3య − 5) = 0
(3య − 5)(2య + 3) = 0

మూలాలు 5/3, −3/2.

ప్లస్, మైనస్ ఎప్పుడూ తారుమారవుతున్నాయి. ఏదైనా కిటుకు ఉందా?

మొదటి గుణకం ధనంగా ఉండేలా చూసుకున్నాక (ఋణమైతే సమీకరణం మొత్తాన్నీ −1తో గుణించేయండి) స్థిర పదం గుర్తు చూడండి. ప్లస్ ఉంటే రెండు సంఖ్యలదీ ఒకే గుర్తు, అది మధ్య పదానిది. మైనస్ ఉంటే చెరో గుర్తు, పెద్దదానికి మధ్య పదం గుర్తు. ఇంతకు మించి బట్టీ పట్టాల్సింది లేదు.

మొదటి గుణకాన్నీ చివరిదాన్నీ ఎందుకు గుణించాలి? మా సార్ 'అది రూలు' అన్నారు.

రూలే. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడటానికి రెండు నిమిషాలు చాలు. వెనక నుంచి నడుద్దాం. (2య + 3)(3య − 5)ను విప్పండి. మొదటివి రెండూ గుణిస్తే 6య². చివరివి రెండూ గుణిస్తే −15. అడ్డంగా గుణిస్తే 2య × (−5) = −10య, 3 × 3య = 9య. ఈ రెండూ కలిసిపోయి −య అయింది. మనం మధ్య పదాన్ని విడదీయడమంటే, అలా కలిసిపోయినవాటిని మళ్లీ వేరుచేయడమే.

ఇప్పుడు ఆ −10, 9ల లబ్ధం చూడండి. −10 వచ్చింది 2, −5ల నుంచి. 9 వచ్చింది 3, 3ల నుంచి. అంటే లబ్ధంలో ఉన్న సంఖ్యలు 2, −5, 3, 3. మరి మొదటి గుణకం 6 వచ్చింది 2, 3ల నుంచి. స్థిర పదం −15 వచ్చింది 3, −5ల నుంచి. అవే నాలుగు సంఖ్యలు, జతకట్టిన తీరు మారిందంతే. అందుకే రెండు చోట్లా లబ్ధం −90. మొదటి గుణకం 1 అయినప్పుడు ఈ గుణకారం చేసినట్టే తెలియదు కాబట్టి, పిల్లలు అది వేరే పద్ధతి, ఇది వేరే పద్ధతి అనుకుంటారు. రెండూ ఒకటే.

−10య ముందు రాయాలా, 9య ముందు రాయాలా?

ఏది ముందు రాసినా వస్తుంది. 6య² + 9య − 10య − 15 అని రాస్తే 3య(2య + 3) − 5(2య + 3). అవే బ్రాకెట్లు. నమ్మకం లేకపోతే ఒకసారి రెండు రకాలుగానూ చేసి చూసుకోండి.

రెండు బ్రాకెట్లలో ఒకే మాట రావడం లేదు. నా జత తప్పా?

జత సరిగ్గా ఉన్నా ఇలా అవుతుంది. పదింట తొమ్మిది సార్లు దోషం మైనస్‌ను బయటికి తీయడంలో ఉంటుంది. య² − 2య − 3య + 6 అని సరిగ్గా విడదీసి, తర్వాత య(య − 2) − 3(య + 2) అని రాస్తారు. −3ను బయటికి తీస్తే లోపలి +6 కాస్తా −2 అవ్వాలి, ఎందుకంటే (−3) × (−2) = +6. సరైనది య(య − 2) − 3(య − 2). బయటికి తీసిన ప్రతిసారీ వెంటనే మనసులో తిరిగి లోపలికి గుణించి చూసుకోవడం అలవాటు చేసుకోండి. నాలుగు సెకన్ల పని.

అప్పటికీ కలవకపోతే జత మళ్లీ చూడండి. మొత్తం కుదిరి లబ్ధం కుదరని జత పట్టుకుని ఉంటారు.

య² = 5య లో రెండు పక్కలా య కొట్టేస్తే య = 5. ఇంత తేలికైనప్పుడు కారణాంకాలు ఎందుకు?

కొట్టేయడం అంటే భాగించడం. య సున్నా అయితే? సున్నాతో భాగించకూడదు కదా. మీరు య కొట్టేసిన క్షణంలో 'య సున్నా కాదు' అని చెప్పకుండా ఒప్పేసుకున్నారు, దాంతో ఒక మూలం చేజారింది. ఇటు తెచ్చి రాయండి: య² − 5య = 0, య(య − 5) = 0, మూలాలు 0, 5.

ఇదే తప్పు వేషం మార్చుకుని కూడా వస్తుంది. (య − 2)(య + 5) = 3(య − 2) చూడగానే చెయ్యి దురద పెడుతుంది. కొట్టేస్తే య + 5 = 3, య = −2 అని ఒక్కటే వస్తుంది. కొట్టేయకుండా ఇటు తెచ్చి ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీస్తే (య − 2)(య + 5 − 3) = 0, అంటే (య − 2)(య + 2) = 0. మూలాలు 2, −2. సంఖ్యను కొట్టేయండి, ఫరవాలేదు. 12య² − 2య − 30 = 0 కనిపిస్తే ముందు 2తో భాగించకపోతేనే తప్పు, అనవసరంగా 360కి జతలు రాయాల్సి వస్తుంది. తెలియని రాశి ఉన్నదాన్ని మాత్రం కొట్టేయకండి.

మధ్య పదం లేకపోతే?

4య² − 49 = 0 లాంటివి రెండు వర్గాల భేదం: (2య − 7)(2య + 7) = 0. మూలాలు 7/2, −7/2. మధ్యలో ప్లస్ ఉంటే, అంటే 4య² + 49 = 0 అయితే, వాస్తవ సంఖ్యల్లో మూలాలు లేవు.

ఒకే మూలం వచ్చింది. రెండోది ఏది?

4య² − 12య + 9 = 0 చూడండి. లబ్ధం 36, మొత్తం −12, జత −6, −6. విడదీస్తే (2య − 3)(2య − 3) = 0. రెండు బ్రాకెట్లూ ఒకటే, కాబట్టి 3/2 రెండుసార్లు వచ్చింది. జవాబులో 'సమాన మూలాలు' అని రాయండి, ఒకటే రాసి ఊరుకోవద్దు.

సంఖ్యలు పెద్దవైతే జతలు రాయడం కష్టం కదా?

కష్టమే. దీనికి భాస్కరాచార్యుల కోతుల లెక్క చెబుతాను, 1150 ప్రాంతపు బీజగణితంలోది. కోతుల గుంపులో ఎనిమిదో వంతును వర్గం చేస్తే ఎన్నో, అన్ని కోతులు వనంలో గంతులేస్తున్నాయి. మిగిలిన పన్నెండు కొండ మీద కూర్చుని ఒకదానికొకటి బదులుగా కిచకిచలాడుతున్నాయి. మొత్తం ఎన్ని?

(య/8)² + 12 = య. రెండు పక్కలా 64తో గుణించి ఇటు తెస్తే య² − 64య + 768 = 0. లబ్ధం 768, మొత్తం −64, కాబట్టి రెండూ మైనస్. గుర్తు పక్కన పెడితే మొత్తం 64. 768కి జతలు రాయొచ్చు, తొమ్మిది వస్తాయి. కానీ ఇంకో దారి ఉంది. రెండు సంఖ్యల మొత్తం 64 అంటే వాటి సగటు 32. అంటే ఒకటి 32 కన్నా ఎంత తక్కువో, రెండోది 32 కన్నా అంతే ఎక్కువ. వాటి లబ్ధం 32 వర్గం నుంచి ఆ తేడా వర్గం తీసేస్తే వచ్చేది: 1024 − తేడా వర్గం = 768. తేడా వర్గం 256, తేడా 16. సంఖ్యలు 16, 48. అయిపోయింది, వెతుకులాటే లేదు.

(య − 16)(య − 48) = 0. గుంపులో 48 ఉంటే 6 వర్గం 36, పన్నెండు కలిపితే 48. గుంపులో 16 ఉంటే 2 వర్గం 4, పన్నెండు కలిపితే 16. రెండు జవాబులూ నిలిచాయి.

ఈ సగటు పద్ధతిని అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ గణితాచార్యుడు పో-షెన్ లో 2019లో రాసి చూపించాక 'కొత్త పద్ధతి' అంటూ ఫోన్లలో తెగ తిరిగింది. మొత్తంలో సగం తీసుకోవడమనే ఎత్తు మాత్రం బాబిలోనియా మట్టి పలకల నాటిది. ఆయన కూడా ఆ మాట దాచలేదు. ఎవరిదైనా, మొదటి గుణకం 1 అయి సంఖ్యలు పెద్దవైనప్పుడు నేనైతే దీన్నే వాడతాను.

రెండు మూలాలు వచ్చాయి. రెండూ రాయాలా, ఒకటి కొట్టేయాలా?

ఉత్త సమీకరణం ఇస్తే రెండూ రాయాలి. కథ చెప్పి అడిగితే, కథలోకి తీసుకెళ్లి చూడాలి. భాస్కరుడే ఇంకో కోతుల లెక్క ఇచ్చాడు: గుంపులో ఐదో వంతు నుంచి మూడు తీసేసి వర్గం చేస్తే ఎన్నో, అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక్కటి మాత్రం కొమ్మెక్కి కనబడుతోంది. (య/5 − 3)² + 1 = య. సర్దితే య² − 55య + 250 = 0, అంటే (య − 50)(య − 5) = 0. మూలాలు 50, 5. యాభైలో ఐదో వంతు 10, మూడు తీస్తే 7, వర్గం 49, కొమ్మ మీదది ఒకటి, సరిపోయింది. ఐదులో ఐదో వంతు 1, మూడు తీస్తే −2. వర్గం 4, ఇంకొకటి కలిపితే 5. అంకెలు కుదిరాయి! కానీ ఒక కోతిలోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తాం? లోకం ఒప్పదు కాబట్టి ఈ రెండోదాన్ని తీసుకోకూడదని భాస్కరుడు తేల్చాడు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన గడుసుతనం తెలుస్తుంది, ఒకదాంట్లో రెండూ ఉంచాలి, ఇంకోదాంట్లో ఒకటి వదలాలి. మూలం ధనంగా ఉందని ఉంచేయకూడదు, కథలోని ప్రతి మాటకూ నిలుస్తోందా అని చూడాలి.

మన ఊళ్ల లెక్క ఒకటి. 200 గజాల ప్లాటు, పొడవు వెడల్పు కన్నా 30 అడుగులు ఎక్కువ. వెడల్పెంత? ముందు గజాలను చదరపు అడుగుల్లోకి మార్చాలి: గజం అంటే 9 చదరపు అడుగులు, 200 గజాలంటే 1800. చాలామంది పడేది ఇక్కడే, 200నే పెట్టేస్తారు. వెడల్పు య అనుకుంటే య(య + 30) = 1800, అంటే య² + 30య − 1800 = 0, (య + 60)(య − 30) = 0. వెడల్పు 30 అడుగులు, పొడవు 60. ఆ −60ని కొట్టేస్తాం. కొట్టేసే ముందు ఒకసారి చూడండి, అది పొడవే, మైనస్ తొడుక్కుని వచ్చింది. వెడల్పు −60 అంటే పొడవు −30, లబ్ధం మళ్లీ 1800. వ్యత్యాసం ఇచ్చిన లెక్కల్లో ఇలా రెండో కొలత తలకిందులుగా కనిపించడం మామూలే.

కొన్ని సమీకరణాలకు ఎంత వెతికినా జత దొరకదు. ఎప్పుడు వదిలేయాలి?

వెతకడం మొదలుపెట్టక ముందే తెలుసుకోవచ్చు. మధ్య గుణకాన్ని వర్గం చేసి, దాన్నుంచి మొదటి గుణకం, స్థిర పదాల లబ్ధానికి నాలుగు రెట్లు తీసేయండి. దీన్నే విచక్షణి అంటాం. గుణకాలన్నీ పూర్ణ సంఖ్యలైనప్పుడు విచక్షణి కచ్చితమైన వర్గసంఖ్య అయితే జత ఉంది, వెతకండి. కాకపోతే లేదు. 6య² − య − 15కి విచక్షణి 1 + 360 = 361, అది 19 వర్గం. అందుకే దొరికింది. య² + 6య + 4కి 36 − 16 = 20, వర్గసంఖ్య కాదు. మూలాలు ఉన్నాయి కానీ అవి కరణీయ సంఖ్యలు, జతలు రాస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. గుణకాల నుంచి నేరుగా మూలాలిచ్చే వర్గ సూత్రం వాడుకోండి. య² + య + 1కి 1 − 4 = −3. ఋణం వచ్చింది కాబట్టి వాస్తవ మూలాలే లేవు.

పరీక్షలో 'కారణాంక పద్ధతిలో సాధించండి' అని ప్రశ్నలోనే ఉంటే జత ఉన్నట్టే లెక్క. దొరకలేదంటే గుర్తు ఎక్కడో తారుమారైంది.

వర్గమూలం గుర్తులు ఉన్న గుణకాలొస్తే?

భయపెట్టడానికి పెడతారు కానీ ఇవి తేలికైనవే. √5య² + 9య + 4√5 = 0. మొదటిదాన్నీ చివరిదాన్నీ గుణిస్తే √5 × 4√5 = 20. గుర్తు మాయమైంది. లబ్ధం 20, మొత్తం 9, జత 5, 4. విడదీశాక ఒక్కచోట కన్నేసి ఉంచాలి: √5య² + 5య లో ఉమ్మడిగా ఏముంది? 5 అంటే √5 × √5 అని గుర్తొస్తే √5య బయటికి వస్తుంది. √5య(య + √5) + 4(య + √5) = 0. మూలాలు −√5, −4/√5.

(య + 3)(య − 7) = 0 దాకా వచ్చాక మూలాలు 3, −7 అని రాశాను. తప్పని ఎందుకు కొట్టేశారు?

బ్రాకెట్ సున్నా అవ్వాలి. య + 3 సున్నా అవ్వాలంటే య ఎంత ఉండాలి? −3. మూలాలు −3, 7. 'గుర్తు మార్చేయాలి' అని బట్టీ పడితే 2య + 3 దగ్గర మళ్లీ −3 రాస్తారు. మధ్యలో '2య + 3 = 0' అని ఒక వరుస రాయండి, కాగితం ఖరీదేమీ పెరగదు.

జవాబు సరైందో కాదో నేనే ఎలా చూసుకోవాలి?

మూలాన్ని సమీకరణంలో పెట్టి చూడటం మొదటి దారి. భిన్నాలైతే విసుగు. అప్పుడు రెండో దారి: మూలాల మొత్తం అంటే మధ్య గుణకాన్ని గుర్తు మార్చి మొదటి గుణకంతో భాగించగా వచ్చేది, మూలాల లబ్ధం అంటే స్థిర పదాన్ని మొదటి గుణకంతో భాగించగా వచ్చేది. మన 5/3, −3/2ల మొత్తం 10/6 − 9/6 = 1/6. గుర్తు మార్చిన మధ్య గుణకం 1, కింద 6, కుదిరింది. లబ్ధం −5/2, ఇటు −15/6, అదీ కుదిరింది. పరీక్షలో ఇది అర నిమిషం పని.

ఈ పద్ధతి మన పూర్వీకులదేనా?

వర్గ సమీకరణాల సాధన మన దగ్గర పాతదే. కారణాంకాలుగా విడదీసి సున్నాకు సమానం చేయడం మాత్రం మన పద్ధతి కాదు. ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నా అని బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రంగా చెప్పాడు, వర్గ సమీకరణానికి మూలం కనుక్కునే నియమమూ ఇచ్చాడు. శ్రీధరాచార్యుల నియమం ఇంకా అందమైనది. ఆయన బీజగణిత గ్రంథం దొరకలేదు, భాస్కరుడు ఉటంకించడం వల్ల ఈ నియమం మనకు మిగిలింది: రెండు పక్కలనూ మొదటి గుణకానికి నాలుగు రెట్లతో గుణించు, మధ్య గుణకం వర్గాన్ని కలుపు, వర్గమూలం తీయి.

మన లెక్క మీదే చేసి చూద్దాం. 6య² − య = 15. మొదటి గుణకానికి నాలుగు రెట్లు 24. గుణిస్తే 144య² − 24య = 360. మధ్య గుణకం వర్గం 1 కలిపితే ఎడమ పక్క (12య − 1)², కుడి పక్క 361. వర్గమూలం తీస్తే 12య − 1 = 19 లేదా −19. 12య = 20 లేదా −18. య = 5/3 లేదా −3/2. ఎక్కడా ఒక్క భిన్నం రాలేదు చూడండి, చివర్లో తప్ప. ఇందాకటి విచక్షణి 361 కూడా ఇక్కడే కనబడింది.

అన్నీ ఒక పక్కకు తెచ్చి, బ్రాకెట్ల లబ్ధంగా రాసి, సున్నాకు సమానం చేసే తీరు ఇంగ్లండుకు చెందిన థామస్ హారియట్ (1560–1621) రాతల్లో స్పష్టంగా కనబడుతుంది. అవి ఆయన పోయిన పదేళ్లకు, 1631లో అచ్చయ్యాయి. ఎక్కువ, తక్కువలకు మనం వాడే < > గుర్తులు కూడా ఆ పుస్తకంలోనే మొదట అచ్చులోకి వచ్చాయి.

మా అబ్బాయికి ఎక్కాలే సరిగ్గా రావండి. ఈ పాఠం ఎలా ఎక్కుతుంది?

ఎక్కాలు ముందు నుంచి చదవడం వచ్చినా ఇక్కడ చాలదు, వెనక నుంచి రావాలి. 'ఆరు నాలుగుల ఎంత?' అని అడగడం మానేసి, '24 ఏయే ఎక్కాల్లో వస్తుంది?' అని అడగండి. 3 ఎనిమిదులు, 4 ఆరులు, 2 పన్నెండ్లు అని చెప్పాలి. బస్సులో వెళ్తున్నప్పుడు 36, 48, 60, 72 ఇచ్చి జతలన్నీ చెప్పమనండి, ఏ జతకు మొత్తమెంత, తేడా ఎంత అని కూడా. రోజుకు అయిదు నిమిషాలు, రెండు వారాలు. మా దగ్గర వెనకబడ్డ పిల్లలతో నేను చేయించేది ఇదే. మధ్య పదం విడదీయడం వాళ్లకు ఆ తర్వాత నేర్పుతాను.

సూత్రంలో పెట్టేస్తే ఏ సమీకరణమైనా వచ్చేస్తుంది. మరి కారణాంకాలు ఎందుకు నేర్చుకోవాలి?

మూలాలు మాత్రమే కావాలంటే సూత్రం చాలు, ఒప్పుకుంటాను. పోటీ పరీక్షల్లో టైమ్ చూసుకునేవాళ్లకు కారణాంకాలు త్వరగా వస్తాయన్నది ఒక లాభం. నిజమైన లాభం ఇంటర్‌లో వర్గ సమాసాల దగ్గర తెలుస్తుంది. అక్కడ 6య² − య − 15 ఎప్పుడు సున్నా అవుతుందని అడిగి వదిలేయరు, ఎప్పుడు సున్నా కన్నా తక్కువని అడుగుతారు. (3య − 5)(2య + 3) అని చేతిలో ఉంటే చూసి చెప్పొచ్చు. లబ్ధం ఋణం కావాలంటే రెండు బ్రాకెట్లకూ చెరో గుర్తు ఉండాలి. య విలువ −3/2 కన్నా తక్కువైతే రెండూ మైనస్. 5/3 దాటితే రెండూ ప్లస్. ఆ రెండిటి మధ్య ఉన్నప్పుడే ఒకటి మైనస్, ఒకటి ప్లస్.